బెల్లం కలిపిన వేప కషాయం

చీమకు చక్కెర వేసిన చేత్తోనే పత్తికి పట్టే పేనుబంకకు మందు కొట్టవచ్చా అనే అనుమానం నాకు పదకొండేళ్లుగా ఉంది. అడిగితే నవ్వుతారని ఎవరినీ అడగలేదు. ఒకసారి వేములవాడలో దర్శనం వరుసలో నా ముందు నిలబడ్డ పెద్దాయనను అడుగుదామని నోరు తెరిచాను. అంతలో వరుస కదిలింది. ఆయన ముందుకు వెళ్లిపోయాడు, అనుమానం నా దగ్గరే ఉండిపోయింది.

పదకొండేళ్ల కింద పత్తి చేనులో మందు కొడుతూ కొడుతూ సాలు మధ్యలోనే పడిపోయాను. నోట్లోంచి నురగ వచ్చిందట. రెండు రోజులు తెలివి లేదు. మూడో రోజు కళ్లు తెరిస్తే నా భార్య వనజ కాళ్ల దగ్గర కూర్చుని వేములవాడ రాజన్నకు దండం పెడుతూ ఉంది. ఇంటికి వచ్చాక నేనూ మొక్కుకున్నాను. ఇక పురుగుమందు డబ్బా చేత్తో ముట్టనని ఒకటి. ప్రతి శనివారం చేను గట్టు మీద చీమలకు చక్కెర, రవ్వ పెడతానని ఇంకొకటి. చీమల మాట ఊరి అయ్యగారు చెప్పిందే. చావు అంచుదాకా పోయి వచ్చినవాడు చిన్న ప్రాణాలకు తిండి పెట్టాలన్నాడు.

రెండు మాటలూ తప్పలేదు. నేను మందు ముట్టలేదు. అయితే పత్తి మందు లేకుండా ఊరుకోదు కదా! మా ఊళ్లో కూలికి మందు కొట్టే లింగమూర్తి వచ్చి కొట్టేవాడు. నాకు బావమరిది వరస. ముక్కుకు తువ్వాల కట్టుకుని వాడు సాళ్లలో తిరుగుతుంటే, నేను గట్టు మీద నిలబడి నీళ్లు అందించేవాణ్ణి. పేనుబంక చచ్చేది. శనివారం నేను చీమలకు చక్కెర వేసేవాణ్ణి. ఇందులో ఎక్కడో తిరకాసు ఉందని నా మనసుకు తెలుసు, ఎక్కడుందో మాత్రం తెలియదు.

ఈ ఏడు శ్రావణంలో వానలు పది రోజులు మొహం చాటేశాయి. పత్తికి అప్పుడు యాభై రోజులు. వాన ఆగిందంటే పేనుబంక వస్తుంది. వచ్చింది. లేత ఆకులు కిందికి ముడుచుకున్నాయి. తిప్పి చూస్తే అడుగున ఆకుపచ్చగా, నల్లగా నూకలు చల్లినట్టు పురుగు. ఆకు ముట్టుకుంటే వేలికి జిగట. మాకున్నది ఆ రెండెకరాలే. అది పోతే మా ఏడాది పోయినట్టే.

లింగమూర్తి ఇంటికి పోయాను. వాడు అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు.

"బావా, ఈ యేడు నన్ను ఇడిసిపెట్టు. పండుకుంటే దగ్గు, లేస్తే దగ్గు. డాక్టరు మందు వాసన గూడ సూడొద్దన్నడు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే వనజ చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మంచిగుంది నీ మొక్కు. నీ చేతికి అంటొద్దని పదకొండేండ్లు లింగమూర్తి ముక్కుల వోయిస్తివి. రాజన్నకు గంత మాత్రం తెల్వదా?"

నాకు కోపం వచ్చింది. ఆమె అన్నది నిజమేనని తోచేసరికి అది కూడా పోయింది. ఇంకొకర్ని పిలవబుద్ధి కాలేదు.

"వేప కషాయం కొడుదాం" అన్నాను.

"నీకొస్తదా చేసుడు?"

"ఏముంది? వేపాకు, నీళ్లు."

"అయితే సాంబక్కను అడుగరాదు? పక్క చేనే గదా. ఆమె చేన్ల పేను గీను ఏం లేదు."

నేను విననట్టు బయటికి వచ్చేశాను.

సాంబలక్ష్మిని ఊరంతా సాంబక్క అంటుంది. భర్త పోయాక మూడెకరాలు ఒంటి చేత్తో చేస్తుంది. ఆరేడేళ్లుగా వేపగింజల రసమే కొడుతుంది. ఆమె దగ్గరికి నేను పోలేకపోవడానికి కారణం ఉంది. నాలుగేళ్ల కింద పత్తి ఏరే రోజుల్లో వనజకు పచ్చకామెర్లు అయ్యాయి. మబ్బు పట్టింది. సాంబక్క పిలవకుండానే బదులుకు వచ్చి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మా పత్తి ఏరింది. బదులంటే డబ్బుల్లేవు. ఆమె ఒక రోజు మాకు చేస్తే, మేము ఒక రోజు ఆమెకు చేయాలి. వారం తిరక్కుండానే ఆమె చేనులోనూ పత్తి పగిలింది. "రేపు రా తమ్మీ" అంది. వస్తానన్నాను. తెల్లారి శనివారం. వనజకు నయం కావాలని రాజన్న గుళ్లో కోడెను కట్టే మొక్కు మొక్కుకున్నాను, ఆ మాట గుర్తొచ్చి పొద్దున్నే వేములవాడ బస్సెక్కాను. దేవుడి పని ముందు అనుకున్నాను. ఆ సాయంత్రం వాన కొట్టింది. ఆమె పత్తి చెట్టు మీదే తడిసి గోధుమరంగుకు తిరిగింది.

తర్వాత వనజ లేవగలిగాక పోయింది, ఒక రోజు చేసి వస్తానని. సాంబక్క పంపించేసింది. "నాకు ముట్టాల్సింది నీ దినం గాదు, నీ మొగడు ఓదెలు దినం" అందట. అప్పటి నుంచి నేను ఆమె గట్టు తొక్కలేదు. నా చేనుకు చెరువు కట్ట వైపు నుంచి చుట్టూ తిరిగి పోతాను. నాలుగేళ్లూ ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాబట్టి కషాయం నేనే చేశాను.

మా చేను మూలన వేపచెట్టు ఉంది. వేప అంటే పోచమ్మ. ఆకు తెంపేముందు స్నానం చేసి, మొదట్లో చెంబెడు నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, "తల్లీ, నీ ఆకు పంటకు తీసుకపోతున్న, తప్పుగా పట్టుకోకు" అని దండం పెట్టాను. రెండు గంపలు దూసి, రోట్లో దంచి, పెద్ద గుండిగలో పొయ్యి మీద పెట్టి మరిగించాను. చిన్నప్పుడు గజ్జికి మా అమ్మ అలాగే కాచేది. లింగమూర్తికి ఫోను చేస్తే వాడు దగ్గుల మధ్య ఒక మాట చెప్పాడు: "ఉత్త రసం ఆకు మీద నిలువదు బావా, జారిపోతది. ఇంత సబ్బు నీళ్లు కలుపు."

సబ్బు! నేను ఫోను పెట్టేశాను. పసుపు కుంకుమ పెట్టి అడిగి తెచ్చుకున్న అమ్మవారి ఆకు. అందులో ఒళ్లు రుద్దుకునే సబ్బు ఎలా కలపను? నిలవడానికి జిగురు కావాలి, అంతే కదా. జిగురుకు బెల్లం కంటే ఏముంది? పైగా బెల్లం నైవేద్యం. రెండు కిలోల బెల్లం చితక్కొట్టి పాకంలా కరిగించి కలిపాను. రసం కమ్మగా, తేనెరంగులో, తీగ సాగుతూ ఉంది. చూడగానే నాకు నమ్మకం కలిగింది.

తెల్లారి మంచి గడియ చూసుకుని, పంపుకు బొట్టు పెట్టి, తూర్పు ముఖాన మొదలుపెట్టి రెండెకరాలూ కొట్టాను. పదకొండేళ్ల తర్వాత పంపు వీపుకెత్తుకున్నాను. మందు వాసన లేదు, తల తిరగలేదు. మధ్యాహ్నం ఎండలో ఆకులన్నీ నిగనిగలాడాయి. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

మూడో రోజు పోయి చూస్తే ప్రతి చెట్టుకూ చీమల దారి. గట్టు పుట్టల్లోంచి బారులు తీరి సాళ్లలోకి దిగి, కాడలు ఎక్కి, ఆకు అడుగున పేనుబంక చుట్టూ కావలి కాస్తున్నట్టు తిరుగుతున్నాయి. పేనుబంక చావలేదు. ముందుకంటే బలిసింది.

వనజ వచ్చి చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"పండుగకు బంతి వెట్టినట్టు వెట్టినవు గదయ్యా."

"నేను పెట్టింది కషాయం."

"బెల్లం పెట్టినవు. చీమకు తెల్వదా ఏది కషాయమో ఏది బెల్లమో?"

నాకు ఏమీ అర్థం కాలేదు. బెల్లానికి వచ్చాయా? లేక పదకొండేళ్లు నేను చక్కెర వేసి పెంచిన పుట్టలు ఇవే కదా, నా మంచితనమే నా చేను మీదికి వచ్చిందా? లేక ఆకు తెంపినందుకు తల్లికి కోపం వచ్చిందా? మూడింటిలో ఏది నిజమైనా నాకు పాపమో, శిక్షో ఏదో ఒకటి తగులుతుంది. ఆలోచించి ఆ శనివారం చీమలకు చక్కెర వేయలేదు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. గట్టు మీద ఖాళీ చేతులతో నిలబడితే ఎవరికో అన్నం లేదు పొమ్మన్నట్టు అనిపించింది.

ఆదివారం చీమలు ఇంకా ఎక్కువయ్యాయి. మరి ఇప్పుడు చక్కెర వేయనందుకు ఎక్కువయ్యాయా?

అదే రోజు ఆకుల మీద కొత్త పురుగు కనిపించింది. నల్లగా, గరుకుగా, వీపు మీద నారింజ చుక్కలతో, పిసరంత మొసలిలా ఉంది. పేనుబంక చాలదని ఇదొకటా అనుకుని, రాయి తీసుకుని ఒక్కొక్కదాన్ని ఏరి నలిపాను. నలిపినప్పుడల్లా "శివ శివ" అన్నాను. యాభై దాకా నలిపి ఉంటాను. అయినా పై ఆకులు గుప్పిళ్లలా ముడుచుకుంటూనే ఉన్నాయి. దక్షిణం మూలన పది సాళ్లు నల్లటి మసి పట్టాయి. ఇంకో వారం ఇలాగే ఉంటే పూత నిలవదు.

సోమవారం పొద్దున ముడుచుకున్న కొమ్మ ఒకటి విరిచి పట్టుకుని, నాలుగేళ్లుగా తొక్కని గట్టు మీద నడిచాను. సాంబక్క చేనులో వంగి కలుపు తీస్తోంది. అడుగుల చప్పుడుకు లేచింది.

"ఎవలు? ఓదెలా? తొవ్వ తప్పినవా తమ్మీ?"

"లేదక్కా. నీ దగ్గరికే."

"నా దగ్గరికా! అటు కట్ట మీదికెళ్లి తిరిగి రాకపోయినవా? ఇటు గట్టు మీద నీకు ముండ్లున్నయి గదా."

నేను కొమ్మ ముందుకు చాపాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. ఆమె అందుకుని ఆకు తిప్పి చూసింది. వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంది. ఆమె ముఖం విచిత్రంగా మారింది.

"పేనుబంక తీపుంటదిగాని గింత తీపా? ఏం గొట్టినవు దీనికి, పాయసమా?"

చెప్పాను. స్నానం, బొట్టు, పొయ్యి, బెల్లం, తూర్పు ముఖం, అన్నీ చెప్పాను. ఆమె వింటూ వింటూ కొడవలి పక్కన పెట్టి సాలులో కూలబడి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"సబ్బు మైల అనుకుంటివి, సరే. మరి పోచమ్మ వెండి కండ్లు, ముక్కుపుల్ల దేంతోటి తోముతరు?"

"కుంకుడు రసంతో."

"మరి కుంకుడుకాయ గుర్తుకు రాలేదా నీకు?"

రాలేదు. నిజంగా రాలేదు. ప్రతి శనివారం నేను తల రుద్దుకునేది దాంతోనే.

"ఆకు గాదు తమ్మీ, గింజ వట్టాలె. పొయ్యి మీద వెడితె దాంట్ల సారం సచ్చిపోతది. దంచి, గుడ్డల మూటగట్టి, రాత్రంత నీళ్లల్ల నానవెట్టి పిండాలె. ఎకరానికి పది కిలోల గింజ. కుంకుడు రసం పోసి కలపాలె. ఇగ కొట్టుడు పొద్దుగాల గాదు, మాపటికి. ఎండకు గుణం పోతది. పూజ పొద్దుగాల జేసుకో, మందు మాపటికి కొట్టుకో. ఆకు మీద గాదు, అడుగుకు తగలాలె."

"గింజలు ఎండకాలంల ఏరుకోలేదక్కా."

"నువ్వెందుకు ఏరుతవు? నీకు లింగమూర్తి ఉండె గదా." ఆమె లేచి చీరకు అంటిన మట్టి దులుపుకుంది. "నా దగ్గర సంచెడు మిగిలినయి. రా."

ఆమె కొట్టం వైపు నడుస్తుంటే దారిలో ఒక ఆకు మీద ఆ నల్ల పురుగు మళ్లీ కనిపించింది. రాయి కోసం వంగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏం జేస్తున్నవు? గది అక్షింతల పురుగు పిల్ల. పొద్దంత పేనుబంకనే తింటది."

అక్షింతల పురుగు నాకు తెలుసు. ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో మీద వాలితే శుభం అంటారు. నేను ఎప్పుడూ ఊది పంపేవాణ్ణే తప్ప విదిలించలేదు. దాని పిల్ల మొసలిలా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు?

"నిన్న యాభై నలిపిన" అన్నాను.

ఆమె నవ్వలేదు. "తెల్వక జేసినవు" అంది.

అప్పుడు ఎందుకో ఆ అనుమానం నోట్లోంచి వచ్చేసింది. వేములవాడ వరుసలో రానిది, పత్తి సాలు మధ్యలో వచ్చింది. "అక్కా, ఒకదానికి తిండి వెట్టుడు, ఒకదాన్ని చంపుడు. ఏది చేస్తే ఏమైతుందో నాకు తెలుస్తలేదు. చీమకు వెడితే అది పేనును కాపాడె. పురుగని నలిపితే అది మనకు మేలు చేసేదాయె. నువ్వు ఇన్నేండ్లు కొడుతున్నవు, నీకు పాపమనిపియ్యదా?"

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. పరాచికం కాదని తెలుసుకున్నట్టుంది.

"నాకేం ఎరుక తమ్మీ! నేను సదువుకున్నదాన్నా? ఆకు చేదు జేస్తున్న. చేదన్నం వెడితె నువ్వు తింటవా? లేచి పోతవు. అవి గూడ కొన్ని పోతయి, కొన్ని సస్తయి. మందు గొడితె అక్షింతల పురుగు గూడ సస్తది, దీనికి అది చావదు. నాకు గంతే ఎరుక."

"మరి చీమలు?"

"చీమల సంగతి నాకు తెల్వదు. గట్టు మీద కడుపు నిండితె చెట్టెందుకు ఎక్కుతయి అని మా అత్త అంటుండె. నిజమో అబద్ధమో."

చేదన్నం పెట్టి లేపి పంపడం కూడా ఆకలితో చంపడమే కదా అని అడగబోయాను. ఆమె అప్పటికే సంచి నా భుజం మీద పెట్టేసింది.

ఆ సాయంత్రం నేనూ వనజా గింజలు దంచి నానబెట్టాం. తెల్లారి పిండితే పాలలాంటి రసం దిగింది. ఇల్లంతా చేదు. వనజ కుంకుడుకాయలు నలిపి రసం తీసి, నురగ తీసేస్తూ, "తల్లికి మైలేం గాదు గదా?" అంది, నా గొంతును వెక్కిరిస్తూ. ఎండ చల్లబడ్డాక పంపు నాజిల్ పైకి తిప్పి పట్టుకుని, ఆకు అడుగు తడిసేలా సాలు సాలూ కొట్టాను. చీకటి పడేసరికి ఎకరంనర అయింది. మిగిలింది మర్నాడు సాయంత్రం కొడదామనుకున్నాను.

కానీ మర్నాడు మధ్యాహ్నమే వాన వచ్చింది. ఇన్నాళ్లు రానిది, గంటసేపు దంచింది. అది తెరిపిచ్చి రెండు రోజులయ్యాక పోయి చూశాను. ఆకులు విచ్చుకుంటున్నాయి. అడుగున పేనుబంక అక్కడక్కడా ఎండిన నూకల్లా ఉంది. చీమలు పల్చబడ్డాయి. మసి పట్టిన పది సాళ్లు పోయినట్టే, తక్కిన చేనులో కొత్త చిగురు కనిపిస్తోంది.

బెల్లం కడిగింది వాన. పేనుబంకను కొట్టింది కూడా వానే కావచ్చు, వానకు అవి రాలిపోతాయి. వేప అయినా కావచ్చు. కానీ వాన ముందు కొట్టని అరెకరంలోనూ తగ్గింది, కొట్టిన ఎకరంనరలోనూ తగ్గింది. కొట్టిన దగ్గర ఎక్కువ తగ్గినట్టు నాకు అనిపించింది. వనజకు అలా అనిపించలేదు. "తగ్గింది గదా, ఇంకేం గావాలె నీకు?" అంది. ఎవరికి దండం పెట్టాలో తెలియక వేపకూ పెట్టాను, మబ్బుకూ పెట్టాను. ఆ శనివారం పిడికెడు చక్కెర గట్టు మీద మళ్లీ వేశాను, అది తప్పో ఒప్పో తేల్చుకోకుండానే.

ఒక్క సంగతి మాత్రం ఎటూ తిప్పి చూడాల్సిన పని లేకుండా ఉంది. సోమవారం పొద్దు పొడిచే వేళకు కొడవలి పట్టుకుని సాంబక్క చేనుకు పోయాను. ఆమె ఇంకా సద్ది గిన్నె కొట్టంలో పెడుతోంది.

"మల్ల ఏమొచ్చింది పేనుకు?"

"ఏం రాలేదక్కా. నాలుగేండ్ల కింది దినం ఉంది, నాది."

ఆమె గిన్నె కింద పెట్టింది. నా మొహం చూడలేదు, చేను వైపు చూసింది.

"పత్తి ఏరుడు లేదిప్పుడు. కలుపున్నది. ఆడోళ్ల పని."

"నువ్వు ఏరిందీ నా పనే."

"అయితే అగో, ఆ మొదటి సాలు కాంచి పట్టు. వేర్లతోటి రావాలె, పైపైన గోకితే ఒప్పుకోను."

మగవాళ్లు కలుపు తీయడం మా దగ్గర అలవాటు లేదు. గంటలో నడుము విరిగింది. బాటన పోతున్న లింగమూర్తి సైకిలు ఆపి దగ్గుతూ నవ్వాడు. "బావా, చీర గట్టుకొని రాకపోయినవా? ఎండకు కొంగన్న కప్పుకుందువు."

"నువ్వు దగ్గు, నేను తీస్త" అన్నాను.

సాంబక్క పక్క సాలులో నాకంటే పది అడుగులు ముందే ఉంటోంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆ వాన రోజు గురించి నేనే ఎత్తాను. "ఆనాడు దేవుని పనని పోయిన అక్కా. చెప్పి పోవాల్సింది. చెప్పలేదు."

"చెప్తె లచ్చవ్వనో, ఎల్లవ్వనో పిలుసుకుందును" అంది. "నువ్వు వస్తవని పొద్దంత ఆ కట్ట దిక్కు సూసిన. పత్తి సంగతి గాదు నేననేది. ఎదురు సూపిచ్చినవు."

నేను తల వంచుకుని రొట్టె తిన్నాను. ఇందులో నాకు అనుమానం ఏమీ లేదు. ఇన్నాళ్లలో మొదటిసారి ఒక తప్పు తప్పుగానే కనిపించింది.

ఎండ వాలాక నేను లేవబోతే, "ఇంకా పొద్దు గూకలేదు" అంది. మళ్లీ వంగాను. చివరి సాలు చివరికి వచ్చేసరికి ఎదుట గట్టు మసకబారింది. నేను తీసిన కలుపు కుప్పను ఆమె కాలితో కదిపి, ఒక గడ్డి దుబ్బు ఎత్తి వేరు చూసింది. పడేసింది.

"ముట్టింది పో, తమ్మీ" అంది, సద్ది గిన్నె చంకన పెట్టుకుంటూ.